అయిదు నిమిషాల శుక్రవారాలు

బందరులో ఒక రోల్డ్ గోల్డ్ వర్క్‌షాపులో 1976 జూన్ నుంచి 2007 జూన్ దాకా, సరిగ్గా ముప్పై ఒక్క ఏళ్లు, నేను స్టోర్సూ లెక్కలూ చూశాను. ఇప్పుడు ఆ పనిలో ఉన్న అమ్మాయిలు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి, తూకాల గురించీ పూతల గురించీ అడుగుతుంటారు. తెలిసినంత చెబుతాను. కానీ ఉద్యోగంలో నా తల దిమ్మతిరిగేలా నేర్చుకున్న పాఠం మాత్రం నగల వల్ల వచ్చింది కాదు. కారు వల్ల వచ్చింది. మీలో ఎవరికైనా, చేతికిచ్చిన పనిని తు.చ. తప్పకుండా చేస్తున్నామన్న ధీమా ఉంటే, ఇది మీకోసమే.

మా ఓనరుగారు పొదుపరి. మొదట సైకిలూ ఆ తర్వాత స్కూటరూ తప్ప ఎరగని మనిషి. అలాంటాయన 1994లో రాగి తీగ కొనడానికి మద్రాసు వెళ్లి, తీగతోపాటు ఒక కారు కొనుక్కొచ్చారు. ఇంగ్లండులో తయారైన పాత స్పోర్ట్స్ కారు. మీగడ రంగు, రెండే సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు. దాని వయసు అప్పటికే ఇరవై ఏడు. "ఎందుకండీ ఇది?" అని నేనే అడిగాను, బిల్లు ఏ పద్దులో రాయాలో తెలియక. "బాగుందమ్మా, అందుకు," అన్నారు. ఆయన నోట నేను విన్న మాటల్లో లాభనష్టాలు లేని మాట అదొక్కటే.

రెండేళ్లు తనే నడిపారు. 1996 ఆగస్టులో గుండెపోటు వచ్చింది. ఆ బండి స్టీరింగు గట్టిది, క్లచ్ ఇంకా గట్టిది. డాక్టరుగారు నడపడం మానెయ్యమన్నారు. అప్పుడు ఓనరుగారు నన్ను పిలిచి తాళాలు నా ముందు పెట్టారు.

"ఏడాదికి తొమ్మిది వేలు. దాటకూడదు. బండి మాత్రం బతికుండాలి. మాఘంలో ఒక ఆదివారం నన్ను అవనిగడ్డ మా అక్కగారింటికి తీసుకెళ్లి తీసుకురావాలి. అంతకుమించి దానికి పనేం లేదు."

"నాకు కార్ల గురించి ఏం తెలుసండీ?"

"నీకు జాగ్రత్త తెలుసు, చాలు. ఒకటి చెబుతున్నా. ఏ ఏడు దాన్ని తాడు కట్టి లాక్కురావాల్సి వస్తే ఆ ఏడే అమ్మేస్తాను. చూసుకోలేని వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదు."

గుండెపోటు తర్వాత ఆయన ఇంటికీ వర్క్‌షాపుకీ మధ్యే తిరిగేవారు. అవనిగడ్డ ప్రయాణం ఒక్కటే ఆయనకు మిగిలిన సరదా. అది నాకు తెలుసు. అందుకే తాళాలు తీసుకున్నాను.

బందరు ఉప్పుగాలిలో ఇనుము ఎంతకాలం ఇనుముగా ఉంటుందో ఊళ్లో అందరికీ తెలిసిందే. కారుని వెనక గోడౌన్లో, నేల మీద చెక్కలు పరిచి, వాటి మీద పెట్టించాను. పాత బొంతలు నాలుగు కలిపి కుట్టించి కప్పాను. గుడ్డ టాపు మడతల దగ్గర చిరిగితే, కంపెనీ సరుకు పదకొండు వేలని మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. కోనేరు సెంటరు దగ్గర రిక్షా టాపులు కుట్టే ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగి, "రిక్షాకన్నా తేలికండీ, ఇందులో మనిషి తల తగలదు," అని మూడు వందల యాభైకి కుట్టి ఇచ్చారు. వర్షం చుక్క దిగలేదు.

కారుతో వచ్చిన పుస్తకంలో, వాడకుండా ఉంచితే వారానికోసారి ఇంజను స్టార్ట్ చెయ్యమని రాసి ఉంది. ఎంతసేపో నేను చదివిన పేజీలో లేదు. తర్వాత పేజీ తిప్పి చూడలేదు. ఎంతసేపన్నది నేనే నిర్ణయించాను: అయిదు నిమిషాలు. ఎందుకు అయిదు? మా పూత గదిలో నికెల్ తొట్టిలో నగ అయిదు నిమిషాలు ఉండాలి. నాలుగైతే పలుచన, ఆరైతే మసక. గంట కొట్టే టైంపీసు ఒకటి తొట్టి పక్కనే ఉండేది. ఇరవై ఏళ్లు ఆ గంట వింటూ బతికినదాన్ని. ఏ వస్తువుకైనా చాలినంత సమయం అంటే నా మనసులో అయిదు నిమిషాలే. పైగా పెట్రోలు కలిసొస్తుంది.

1996 సెప్టెంబరు 6, శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టాను. టైంపీసు బానెట్ మీద పెట్టేదాన్ని. గంట కొట్టగానే ఇంజను ఆపేదాన్ని. నోటుబుక్కులో తేదీ రాసి సంతకం పెట్టేదాన్ని. పూత మేస్త్రి, మా వర్క్‌షాపులో నాకన్నా పదేళ్లు పెద్ద, గుమ్మంలో నిలబడి వేళాకోళం చేసేవాడు.

"ఏవమ్మాయ్, కారుకి పూత పట్టిందా?"

"పట్టిందిలే, నీ తొట్టి చూసుకో."

97 మాఘంలో, 98 మాఘంలో వర్క్‌షాపు వ్యాను డ్రైవరు ఓనరుగారిని అవనిగడ్డ తీసుకెళ్లి తీసుకొచ్చాడు. చిన్న చిన్న మూలుగులు తప్ప బండి బాగానే వెళ్లింది. నాకు గర్వంగా ఉండేది. దాచడం ఎందుకు?

1999 ఫిబ్రవరి 7, ఆదివారం, పదకొండూ నలభైకి మా పక్కింటికి ఫోను వచ్చింది. చల్లపల్లి ఎస్టీడీ బూతు నుంచి వ్యాను డ్రైవరు.

"మేడం, ఇంజన్లో సమ్మెటతో కొడుతున్నట్టు చప్పుడండీ. ఆయిలు ప్రెషరు చూపించే ముల్లు సున్నాకి పడిపోయింది. ఆపేశాను. అయ్యగారు చెట్టు కింద కూర్చున్నారు. మాట్లాడట్లేదండీ."

సాయంత్రం నాలుగింటికి కారు బందరు వచ్చింది, ట్రాక్టరు వెనక, కొబ్బరి తాడు కట్టుకుని. ఓనరుగారు ట్రాక్టరు మీద, డ్రైవరు పక్కన చక్రం పైనుండే రేకు మీద కూర్చుని వచ్చారు. దిగి, నా వైపు చూడకుండా, "గుడివాడ ఆయనకి కబురు పెట్టు," అని లోపలికి వెళ్లిపోయారు.

గుడివాడ ఆయన అంటే పెళ్లిళ్లకు షామియానాలు, ఊరేగింపు బళ్లు అద్దెకిచ్చే ఆసామి. మా కారు మీద ఆయన కన్ను చాలా కాలంగా ఉంది. టాపు మడిచేయొచ్చు కాబట్టి, వెనక సింహాసనం బిగించి, చుట్టూ రంగు బల్బులు పెట్టి, పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ కూర్చోబెట్టి బ్యాండు వెనక నడిపిస్తానని చెప్పేవాడు. లక్షా పదివేలు ఇస్తానన్నాడు. గురువారం అడ్వాన్సుతో వస్తానని జవాబు పంపాడు.

అమ్మేముందు రోగం ఏమిటో తెలుసుకోవాలని, మంగళవారం గుడివాడ నుంచే ఒక మెకానిక్కుని పిలిపించాను. పాత ఇంజన్ల మీద చెయ్యి తిరిగిన మనిషి అని చెప్పారు. యాభై ఏళ్లుంటాయి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చెంచా. ఆయన ఆయిలు మూత తిప్పి, లోపల చెంచా పెట్టి తీసి నాకు చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిలు గడ్డ పెరుగులా తెల్లగా, చిక్కగా ఉంది. తర్వాత కారు కింద దూరి సైలెన్సరుని పిడికిలితో తట్టాడు. తుప్పు, నీళ్లు కలిసి దోసెడు రాలాయి.

"దీన్ని ఎలా చూసుకుంటున్నారండీ?"

నోటుబుక్కు ఇచ్చాను. నూట ఇరవై ఏడు శుక్రవారాల్లో రెండే తప్పాయి. ఒకటి గాలివానకి, రెండోది మా అమ్మ పోయినప్పుడు. నూట ఇరవై అయిదుసార్లు అయిదేసి నిమిషాలు. ఆయన పేజీలు తిప్పి, తిప్పి, మెల్లగా మూసేశాడు.

"అమ్మగారూ, మీరు పొయ్యి మీద ఎసరు పెట్టి, కాగకుండానే దించేస్తున్నారండీ. వారం వారం."

"అంటే?"

"ఇంజను తిరిగితే లోపల చెమ్మ పుట్టుద్దండీ. బాగా వేడెక్కితే ఆ చెమ్మ ఆవిరై పోద్ది. అయిదు నిమిషాల్లో వేడెక్కదు. చెమ్మ అక్కడే ఉండిపోద్ది. మళ్లీ శుక్రారం ఇంకాస్త. అసలు స్టార్ట్ చెయ్యకుండా వదిలేసినా ఇంతకన్నా బాగుండేదండి."

"అయిదు నిమిషాలు చాలదా?"

"మీ ఇంట్లో అయిదు నిమిషాలకి అన్నం ఉడుకుద్దా అండీ?"

పూత మేస్త్రి గుమ్మంలోనే ఉన్నాడు. ఆ ఒక్క రోజు వేళాకోళం చెయ్యలేదు. నేను స్టోరు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. చెడగొట్టింది బద్ధకస్తులైతే తిట్టుకోవచ్చు. పది గంటల ఇరవై అయిదు నిమిషాల పాటు, గడియారం పెట్టుకుని, సంతకాలు చేసి మరీ చెడగొట్టినదాన్ని ఎవర్ని తిట్టుకోను?

బుధవారం ఉదయం ఓనరుగారి గదిలోకి వెళ్లాను.

"తప్పు బండిది కాదండీ. నాది."

ఆయన కళ్లజోడు తీశారు. "ఇన్నేళ్లలో నీ నోట ఈ మాట మొదటిసారి వింటున్నాను."

"రెండోసారండీ. 1983లో వెండి తూకం ఒకటి ఉంది."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. జరిగింది మొత్తం చెప్పాను. మెకానిక్కు దగ్గర అడిగి ఉంచుకున్న ఆ ఆయిలు చెంచా కూడా చూపించాను. చివర్న అడిగాను: "ఒక్క ఏడాది గడువివ్వండి. ఆ తొమ్మిది వేలలోనే బాగుచేయిస్తాను. వచ్చే మాఘంలో తాడు లేకుండా వెళ్లొస్తే ఉంచండి. లేకపోతే గుడివాడ ఆయనకి నేనే ఫోను చేస్తాను."

"ఎవరు నడుపుతారు? మన డ్రైవరు దాన్ని చూస్తేనే దణ్ణం పెడుతున్నాడు."

"అది ఇంకా ఆలోచించలేదండీ."

కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "సరే. ఆయన్ని ఏడాది ఆగమని చెబుతాను. ఆగుతాడో లేదో ఆయనిష్టం." మళ్లీ అన్నారు, ఈసారి నెమ్మదిగా, "నాక్కూడా అమ్మాలని లేదమ్మా. కానీ ఆ ట్రాక్టరు మీద కూర్చుని వస్తుంటే దారి పొడుగునా జనం చూశారు."

మెకానిక్కు మొదట పదకొండున్నర వేలన్నాడు. నేను కాగితం తీసి ఒక్కో వస్తువూ అడిగాను. దేనికి, లేకపోతే ఏమవుతుంది, ఇక్కడ చేయించలేమా. ఇంజను విప్పి కడగడం తప్పదు. బేరింగులు తప్పవు. సైలెన్సరు మాత్రం గుడివాడలో ట్రాక్టర్లకు చేసేవాళ్ల దగ్గర, కొలతలిచ్చి చేయించాం. మొత్తం ఆరు వేల మూడు వందల ఎనభై. బండి సంగతి తేలింది. మిగిలింది మనిషి.

"ఇకనుంచి రెండు వారాలకోసారి అయినా పర్లేదండీ, అరగంటకి తగ్గకుండా రోడ్డు మీద పరిగెత్తించాలి," అన్నాడు మెకానిక్కు. "సముద్రం వైపు మాత్రం పోకండి."

ఆదివారాలు కూడా రావాలంటే ఉద్యోగం మానేస్తానన్నాడు వ్యాను డ్రైవరు. బయట మనిషిని పెడితే జీతానికే బడ్జెట్టు చాలదు. నాకు అప్పుడు యాభై నిండాయి. అంతకుముందు నేను సైకిలు కూడా తొక్కలేదు.

మే నెల ఆదివారాల్లో మెకానిక్కు మొదటి బస్సుకి గుడివాడ నుంచి వచ్చి నాకే నడపడం నేర్పాడు. నేర్పినందుకు డబ్బు తీసుకోలేదు. మా ఇంటి టిఫిను మాత్రం రెండుసార్లు వడ్డించుకునేవాడు. "అమ్మగారూ, క్లచ్ మీద కాలు తీయండి, అదేమన్నా పీటా? గేరు కర్రని అంత మర్యాదగా పట్టుకుంటే పడదండీ. అదుగో గేదె! గేదె అండీ!" గేదె తప్పుకుంది, నా గొప్పతనం ఏమీ లేదు. చీర కొంగు గాలికి ఎగిరి ఆయన మొహానికి చుట్టుకుంటే, మరుసటి ఆదివారం నుంచి ఆరు పిన్నీసులు పెట్టుకున్నాను.

ఆగస్టు 18న లైసెన్సు వచ్చింది. ఇనస్పెక్టరుగారు కాగితంలో వయసు చూసి, నన్ను చూసి, కారు చూసి, "ఇంతకీ నడిపేది మీరేనా అండీ?" అని మూడుసార్లు అడిగారు.

ఆ తర్వాత రెండు వారాలకో ఆదివారం, ఉదయం ఆరింటికి, పెడన దాటి ఇరవై మైళ్లు వెళ్లొచ్చేదాన్ని. మొదట్లో భయంగా ఉండేది. తర్వాత ఎప్పుడు పోయిందో తెలియదు. టాపు మడిచి వెళ్తుంటే కాలవ నీళ్ల వాసన, కుప్పనూర్పిళ్లప్పుడు కొత్త గడ్డి వాసన నేరుగా వచ్చి మొహాన తగిలేవి. ఏడు గంటలకి పొలానికి వెళ్లే ఆడవాళ్లు గట్టు మీద ఆగి కేకలేసేవారు.

"ఏమండోయ్, టాపు గాలికి లేచిపోయిందా?"

"దారిలో ఎక్కడో పడిందమ్మా, కనపడితే చెప్పండి!"

"దొరికితే మా దూడకి కప్పేస్తాంలెండి!"

ఈలోగా పూత మేస్త్రి బంపరు తుప్పు గీకి నికెల్ వేస్తానన్నాడు. చక్రాల మూతలు నాలుగూ కూడా తీసుకెళ్లాడు. మూడు రోజుల తర్వాత తెచ్చి బిగించాడు. బంపరు వెండిలా ఉంది. చక్రాల మూతలు బంగారంలా ఉన్నాయి. నిజంగానే బంగారం.

"ఇదేం పని? నిన్ను బంగారం వెయ్యమన్నదెవరు?"

"పారబోసే తొట్టి నీళ్లేనమ్మా. ఒక్క పైసా ఖర్చు లేదు. అన్నేళ్లు నీ గంట విని నవ్వాను కదా, ఇది జరిమానా అనుకో."

తీయించేద్దామనుకున్నాను. గీకితే మూత సొట్టపోతుందని ఊరుకున్నాను.

2000 ఫిబ్రవరి 20, ఆదివారం. ఉదయం తొమ్మిదీ నలభైకి ఓనరుగారు వచ్చి, కారు చుట్టూ తిరిగి, చక్రాల దగ్గర ఆగారు. "కాళ్లకు కడియాలు కూడానా?" అన్నారు. పక్క సీట్లో కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి గుడివాడ ఆయన్ని వర్క్‌షాపుకి రమ్మని చెప్పారట, ఏదో ఒకటి తేల్చేయడానికి. ఆ మాట నాకు ఊరు దాటాక చెప్పారు.

చల్లపల్లి దగ్గరికొచ్చేసరికి చెరకు ట్రాక్టర్లు. ఒకదాని వెనక ఒకటి, ఫ్యాక్టరీకి వెళ్లేవి, కనీసం ముప్పై. ఒక పక్క కాలవ, ఒక పక్క పొలం, మధ్యలో మేము. దాటే వీల్లేదు. మొదటి గేరులో, మనిషి నడకకన్నా నెమ్మదిగా. పదిన్నర ఎండ. వేడి చూపించే ముల్లు మధ్య గీత దాటింది. ఎర్ర గీత వైపు కదులుతోంది. ఓనరుగారు ముల్లునే చూస్తున్నారు. నేనూ దాన్నే చూస్తున్నాను.

ముందున్న ట్రాక్టరు డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. మంచి మనిషే పాపం.

"అమ్మగారూ, పొగలొస్తన్నాయండీ! తాడుంది, కట్టమంటారా?"

ఓనరుగారి చెయ్యి తలుపు మీద బిగుసుకుంది. ఆయన నా వైపు తిరిగారు.

"అక్కర్లేదు బాబూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆ బండిలో చలిదేశం వాళ్ల కోసం హీటరు ఉంది. బందరులో దాన్ని ఎవరు ముడతారు? కానీ ఇంజను మరీ కాగితే హీటరు వేస్తే, ఆ వేడిలో కొంత కారు లోపలికి వచ్చేస్తుందని మెకానిక్కు మాటల్లో ఎప్పుడో అన్నాడు. అంటే ఇంజను వేడి మన కాళ్లకి. మీట పట్టుకుని లాగాను. రాలేదు. చెప్పు తీసి, మడమతో తన్నాను. పడింది.

పొయ్యి మూతి తెరిచినట్టు వేడిగాలి పాదాల మీదికి కొట్టింది. "అబ్బా, ఇదేంటమ్మా!" అన్నారు ఓనరుగారు, కాళ్లు ఎత్తి సీటు మీద పెట్టుకుని.

"ఇంజను సుఖం కోసమండీ. ఓర్చుకోండి. మీకు మరీ ఇబ్బందైతే ఇక్కడే ఆపేస్తాను."

"ఆపకు, ఆపకు. కాళ్లేగా."

నా కాళ్లు ఎత్తే వీలు లేదు, కింద పెడళ్లున్నాయి. చెమట కళ్లలోకి కారుతోంది. ముల్లు ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత వెంట్రుకవాసి, నిజంగా వెంట్రుకవాసి, వెనక్కి జరిగింది. అప్పుడు ఓనరుగారు నవ్వడం మొదలుపెట్టారు. అరవై నాలుగేళ్ల మనిషి, సీటు మీద బాసింపట్టు వేసుకుని, మాఘమాసం ఎండలో హీటరు వేసుకుని, ఆపకుండా నవ్వుతున్నారు. గుండెకి ఏమవుతుందోనని నాకు భయం వేసింది. ముప్పై అయిదు నిమిషాలకి ఫ్యాక్టరీ మలుపు వచ్చి ట్రాక్టర్లు అటు తిరిగాయి. మూడో గేరు వేశాను. గాలి తగిలింది. హీటరు కట్టేశాను.

పులిగడ్డ దగ్గర నది దాటుతుంటే ఆయన కాళ్లు దించి, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకున్నారు.

అవనిగడ్డలో అక్కగారు వీధిలోకి వచ్చి, "ఎవర్రా తోలింది? డ్రైవరేడీ?" అన్నారు. ఓనరుగారు నా వైపు చెయ్యి చూపించారు. ఆవిడ నా పాదాలు చూసి, చెంబుతో చల్లటి నీళ్లు తెచ్చి తనే పోశారు. ఆ తర్వాత పెట్టిన భోజనంలో ఏమేం ఉన్నాయో, దేన్నైనా రాసిపెట్టుకునే నాకు ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. బాగా ఆకలేసిందని మాత్రం గుర్తుంది.

తిరుగు దారిలో ట్రాక్టర్లు లేవు. నాలుగు దాటి పది నిమిషాలకు వర్క్‌షాపు గేటు లోపలికి వచ్చాం. గుడివాడ ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కారు తనంతట తాను రావడం చూసి లేచి నిలబడ్డాడు. చక్రాలు చూసి మొహం వెలిగిపోయింది.

"అబ్బ! పెళ్లికి రెడీగా చేసిచ్చారండీ! ఇంకో పదివేలు కలుపుతానండీ."

ఓనరుగారు దిగలేదు. సీట్లోనే కూర్చుని అడిగారు: "ఊరేగింపులో బండి ఎంత స్పీడు పోతుందయ్యా?"

"స్పీడేముందండీ, బ్యాండు వెనక నడకే. మూడు గంటలు, నాలుగు గంటలు. బాణాసంచా కాల్చేటప్పుడు ఆగిపోద్ది."

"అయితే నీకు పనికిరాదు. దీనికి నడక పడదు." మళ్లీ మర్యాదగా అన్నారు, "లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురుగాని."

ఆయన కాఫీ తాగి, మరో వెయ్యి పెంచి చూసి, అయిదు గంటల బస్సుకి వెళ్లిపోయాడు. పూత మేస్త్రి, డ్రైవరు, అందరూ ఇళ్లకు వెళ్లారు. నేను బొంత కప్పుతుంటే ఓనరుగారు గోడౌన్ గుమ్మంలోకి వచ్చారు.

"మళ్లీ ఎప్పుడు తీస్తావ్?"

"మార్చి అయిదో తారీకు, ఆదివారమండీ. పెడన వైపు."

"మాఘంలో ఒక్కసారే ఎందుకు, నేనూ వస్తే? పక్క సీటు ఖాళీయేగా."

"బరువు పెరిగితే పెట్రోలు కాస్త పెరుగుతుందండీ," అన్నాను. లెక్క వేసి చూశాను, తొమ్మిది వేలలో సరిపోతుంది. "సరే, రండి. కానీ ఆరింటికల్లా ఇక్కడుండాలి. ఆలస్యమైతే ఆగను."

మార్చి 5న నేను అయిదూ నలభై అయిదుకి వచ్చేసరికి ఆయన అప్పటికే గేటు దగ్గర ఉన్నారు. చెవులకి మఫ్లరు చుట్టుకుని, చేతిలో ఫ్లాస్కు పట్టుకుని, నేను ఎటునుంచి వస్తానా అని రోడ్డుకి రెండు వైపులా చూస్తూ.